ట్రేని కాటా ఎక్కించండి, కలెక్టర్ గారూ

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నగరంలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పుకుంటున్నవాణ్ణి. బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే కోడిగుడ్ల గురించి రాస్తున్నాను. అడిగేది చిన్నదే. గుడ్లు దించుకునేటప్పుడు లెక్కపెట్టి ఊరుకోకుండా, ట్రేని తూకం కూడా వేయించండి.

కేంద్ర ప్రభుత్వ నాణ్యతా ముద్ర అగ్‌మార్క్ లెక్కలో మీడియం గుడ్డంటే 45 నుంచి 52 గ్రాములు. 30 గుడ్ల ట్రే 1,350 గ్రాములున్నా మీడియమే, 1,560 ఉన్నా మీడియమే. మధ్యలో 210 గ్రాములు, అంటే నాలుగు గుడ్ల బరువు, ఎవరి లెక్కలోనూ పడదు. బజార్లో రేటు కూడా వంద గుడ్లకి ఇంత అనే పలుకుతుంది కాబట్టి, సప్లయర్‌ని ఒక్కణ్ణే అని లాభం లేదు.

మరి గుడ్డు పగలగొట్టకుండా లోపల ఏది ఎంతుందో చెప్పగలమా? మా విద్యార్థులు ప్రాజెక్టుగా చేసింది ఇదే. ముందు వెర్నియర్ కాలిపర్స్‌తో పొడవు, వెడల్పు కొలవాలి. పొడవుని వెడల్పు వర్గంతో, ఆపైన 0.51తో గుణిస్తే ఘనపరిమాణం దాదాపుగా వస్తుంది, దాన్ని గుడ్డు సాంద్రతతో గుణిస్తే బరువు తెలుస్తుంది. 5.6 సెంటీమీటర్ల పొడవు, 4.3 వెడల్పు ఉన్న తాజా గుడ్డు సుమారు 57 గ్రాములు తూగుతుంది. పొడవు ఒక మిల్లీమీటరు తగ్గితే పోయేది గ్రామే, వెడల్పులో అదే మిల్లీమీటరు తగ్గితే రెండున్నర గ్రాములు పోతాయి.

అసలు అవస్థ పగలగొట్టాక మొదలవుతుంది. పచ్చసొనకి అంటుకున్న తెల్లసొన ఓ పట్టాన వదలదు. తడిబట్ట మీద మెల్లగా దొర్లించాలి, ఆ దొర్లించడంలో కొన్ని సొనలు చితికిపోతాయి. పెంకు కడిగి ఆరబెట్టి తూచాలి. తెల్లసొనని మాత్రం మేం విడిగా తూచలేదు. మొత్తం బరువులోంచి పచ్చసొన, పెంకు బరువులు తీసేయగా మిగిలిందే తెల్లసొన అనుకున్నాం. పచ్చసొన తూచడంలో చేసిన తప్పంతా వచ్చి తెల్లసొన ఖాతాలో పడుతుంది. గుడ్డు బరువుకీ తెల్లసొనకీ సంబంధం బ్రహ్మాండంగా కనిపించడంలో ఈ తీసివేత వాటా కూడా కొంత ఉంటుంది. అయినా గుడ్డులో ఇంచుమించు 60 శాతం తెల్లసొనే కాబట్టి, బరువు తెలిస్తే దాని అంచనా బాగానే కుదురుతుంది.

పచ్చసొన అలా లొంగదు. విటమిన్ ఎ, డి, ఇనుము ఉండేది అందులోనే, పిల్లలకి కావలసిందీ అదే. కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట గుడ్డులో సొన వాటా తక్కువ, వయసు పెరిగేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. ఒకే బరువున్న రెండు గుడ్లలో సొన ఒకేలా ఉండాలని లేదు. పొడవు, వెడల్పు, బరువు మూడూ కలిపి సమీకరణంలో పెట్టినా పెద్దగా కలిసిరాదు, మూడూ చెప్పేది గుడ్డు సైజు సంగతే. ముగ్గురు సాక్షులూ ఒకే ఇంటివాళ్లయితే కేసుకి ఒరిగేదేముంది? పైగా నిల్వ ఉన్నకొద్దీ గుడ్డులో నీరు కొంత బయటికి ఆవిరైపోతుంది, కొంత తెల్లసొనలోంచి పచ్చసొనలోకి చేరుతుంది. గోదావరి జిల్లాల నుంచి లారీలో వచ్చి, మన ఎండలో నాలుగు రోజులు మగ్గిన గుడ్డుకి తాజా గుడ్ల సూత్రం నప్పదు.

కాబట్టి ఫొటో తీస్తే చాలు, సొన ఎంతుందో చెప్పేస్తాం అంటూ ఎవరైనా యాప్ పట్టుకొస్తే, ఏ గుడ్లతో తయారుచేశారో, వాటిని పక్కనపెట్టి వేరే గుడ్ల మీద పరీక్షించారో లేదో అడగండి. టెండర్ మాట ఆ తర్వాత.

మన దగ్గరే ఈ పని చేయగలవాళ్లున్నారు. ప్రఖ్యాత స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మన ఏవీఎన్ కాలేజీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవారే. సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలు పట్టుకుని అక్కడి మనుషుల సంగతి తేల్చడానికి 1946లో ఆయన్ని కేంబ్రిడ్జికి పిలిపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్ విభాగాన్నీ, గరివిడి పశువైద్య కళాశాలనీ ఒకచోట కూర్చోబెట్టండి. ఆనందపురం, పెందుర్తి వైపు ఫారాల గుడ్లతో, పెట్టల వయసు కూడా చేర్చి, మనకంటూ ఒక పట్టిక వేయమనండి.

అది వచ్చేదాకా బడికొచ్చే చలానాలో మూడు గళ్లు పెంచితే చాలు: ట్రే బరువు, గుడ్లు పెట్టిన తేదీ, పెట్టల వయసు ఎన్ని వారాలు. ఖాళీ అట్ట బరువు తీసేయమని కూడా చెప్పించండి. వానాకాలంలో మన ఊరి గాలికి అట్టలు చెమ్మ పీల్చి బరువెక్కుతాయి.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్,
విశాఖపట్నం