తాలు కాయల లెక్క

చిట్టితల్లీ,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కన కాటా నడుస్తోంది, సరిగ్గా మాట్లాడలేకపోయాను. ప్రాజెక్టులో నీ జోడీ అమ్మాయి పని చేయట్లేదు కాబట్టి నేనూ మానేస్తానన్నావు కదా. రాత్రి నిద్ర పట్టక నువ్వు ఇంట్లో వదిలేసిన గేమ్ థియరీ పుస్తకం, అదే ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తు లెక్కేసేది, తీశాను. సగం బుర్రకెక్కలేదు గానీ ఇద్దరు ఖైదీల కథ దగ్గర నవ్వొచ్చింది, అది మన గుంటూరు మిర్చి యార్డులో రోజూ జరిగేదే!

1950లో ర్యాండ్ అనే అమెరికా పరిశోధనా సంస్థలో ఫ్లడ్, డ్రెషర్ అనే ఇద్దరు ఆ ఆట కట్టారట, ఖైదీల కథ టక్కర్ అనే ఆయన తగిలించాడట. నేను మిర్చితో చెప్తా. రైతు టిక్కీ అడుగున, అంటే మిర్చి బస్తా అడుగున, రంగు పోయిన తాలు కాయ కలపొచ్చు, మానొచ్చు. కొనేవాడు సరైన రేటు పెట్టొచ్చు, ఎలాగూ తాలు ఉంటుందిలే అని తగ్గించేయొచ్చు. ఇద్దరూ సక్రమంగా ఉంటే చెరో 3 మార్కులు, ఒకడు మోసం చేసి రెండోవాడు నమ్మితే మోసగాడికి 5, నమ్మినవాడికి సున్నా, ఇద్దరూ మోసమే అయితే చెరొకటి. రైతు వైపు కూర్చుని చూడు, అవతలివాడు ఏం చేసినా తాలు కలిపితేనే ఎక్కువ గిడుతుంది. కొనేవాడి లెక్కా అంతే. అలా ఇద్దరూ 1 దగ్గర ఇరుక్కుంటారు, అక్కణ్ణుంచి ఒక్కడే కదిలితే వాడికే నష్టం. దానికి నాష్ సమతౌల్యం అని పేరట, ఇరుక్కుపోయిన చోటికి అంత గొప్ప పేరెందుకో మరి.

మరి యార్డు ఎలా నడుస్తోందంటావా? వచ్చే సీజన్లో మళ్లీ అదే మొహాలు చూసుకోవాలి కాబట్టి. ఆక్సెల్‌రాడ్ అనే అమెరికా ప్రొఫెసర్ ఈ ఆటనే కంప్యూటర్ ప్రోగ్రాముల చేత పదే పదే ఆడించి పోటీ పెట్టాడు. మొదటిసారి 14 ఎంట్రీలు, రెండోసారి 62. రెండుసార్లూ గెలిచింది రాపొపోర్ట్ అనే ఆయన పంపిన ‘దెబ్బకు దెబ్బ’ అనే బుల్లి ప్రోగ్రామే: మొదట మంచిగా ఉండు, తర్వాత అవతలివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చెయ్యి. తమాషా ఏంటంటే అది ఏ ఒక్క ఆటలోనూ ఎదుటివాడి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోలేదు, అయినా మొత్తం మీద ముందుంది.

నేనూ కొనుగోళ్లు మొదలుపెట్టిన కొత్తలో ఒక రైతు సరుకులో అడుగున తాలు కనపడింది. తర్వాతి వారం అతని లాటుకి రేటు బాగా తగ్గించాను. అతనూ ఊరుకోలేదు, ఈసారి నిజంగానే కలిపి తెచ్చాడు. ఆ సీజనంతా ఒకరినొకరు అలాగే సాధించుకున్నాం. తర్వాత ఎవరో చెప్పారు, మొదటిసారిది వానకి తడిసి రంగు పోయిన కాయట, అతను కలిపింది కాదు. దెబ్బకు దెబ్బలో ఉన్న తలనొప్పి అదే తల్లీ, ఒక్క పొరపాటు దొర్లితే ఇద్దరూ ఆపలేరు.

ఇంకోటి, ఈ ప్రాజెక్టు 6 వారాల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఆ అమ్మాయి మొహం చూడనన్నావు. ఆఖరి రోజు ఎప్పుడో ఇద్దరికీ తెలిస్తే ఆ రోజు ఎగ్గొట్టాలనిపిస్తుంది, అప్పుడు దాని ముందు రోజూ అంతే, అలా వెనక్కి వెనక్కి ఈరోజు దాకా వచ్చేస్తుంది. నీకు జరుగుతున్నది అదేనేమో. ఆ అమ్మాయి ఎందుకు చేయట్లేదో అడిగావా అసలు? ఇంట్లో ఏదైనా ఇబ్బందేమో. అడిగి, తన వాటా ఏదో, ఎప్పటికి కావాలో రాసి పంపు. అప్పటికీ రాకపోతే నీ చెయ్యి ఆపు, నేనేమీ అనను.

మీ అమ్మ గోంగూర పచ్చడి రెండు సీసాలు కట్టింది, రేపు బస్సులో వేస్తాను. ఒకటి ఆ అమ్మాయికి.

నాన్న