ఆ నీలం బుధుడిది కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం సంచికలో బుధగ్రహం ఫొటో పెద్దగా వేశారు. ఒక బిలం (ఉల్క గుద్దడంతో పడ్డ గుంత) నుంచి లేత నీలం చారలు నలువైపులా విచ్చుకున్న బొమ్మ. చూడముచ్చటగా ఉంది. కింద మాత్రం బుధుడు నీలి కాంతులు వెదజల్లుతున్నాడని అర్థం వచ్చేలా రాశారు. బుధుడు ఉండేది బూడిద రంగులో. ఆ చారలు కాంతీ కాదు, ఉల్క గుద్దినప్పుడు చిమ్మిన రాతిపొడి.

నాసా మెసెంజర్ నౌక 2011 నుంచి 2015 దాకా బుధుడి చుట్టూ తిరిగింది. దాని కెమెరా వేర్వేరు ఫిల్టర్లతో తీసిన చిత్రాలను కలిపి ఇలాంటి రంగుల బొమ్మలు చేస్తారు. ఎక్కువగా 1000 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిలో తీసిన చిత్రాన్ని ఎరుపుగా, 750ని ఆకుపచ్చగా, 430ని నీలంగా చూపిస్తారు. మన కన్ను 700 దాటితే పెద్దగా చూడలేదు. అంటే ఆ ఎరుపు మనకు కనిపించని పరారుణ కాంతి! తేడాలు తెలియడానికి కొన్ని బొమ్మల్లో రంగులను ఇంకా గాఢం చేస్తారు. ఇందులో మోసమేమీ లేదు, ఎలా చేశారో బొమ్మతోపాటే రాసి ఇస్తారు. ఆ ముక్కే పత్రికలోకి వచ్చేసరికి ఎగిరిపోతోంది.

ఎగిరిపోతే నష్టమేమిటంటారా? ఆ నీలంలోనే అసలు సమాచారం ఉంది. బుధుడిపై అడ్డుకునే గాలి లేదు కనుక చిమ్మిన పొడి చాలా దూరం పోయి పడుతుంది. కొత్తలో తెల్లగా మెరుస్తుంది, ఇలాంటి రంగుల బొమ్మల్లో అదే లేత నీలంగా వస్తుంది. సౌరపవనం (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం), సన్నటి ఉల్కాధూళి తాకిడికి క్రమంగా నల్లబడి, కాస్త ఎర్రబారి, చుట్టుపక్కల నేలలో కలిసిపోతుంది. చారలు ఇంకా కనిపిస్తున్నాయంటే ఆ బిలం వయసు తక్కువన్నమాట. హొకుసాయ్ బిలం వెడల్పు 100 కిలోమీటర్లు అటూఇటుగా ఉంటుంది, దాని చారలు వెయ్యి కిలోమీటర్లు దాటి పోయాయి. గ్రహం వ్యాసమే 4,880 కిలోమీటర్లు! 1974లో నాసా నౌక మారినర్ 10 బుధుడిని సమీపిస్తూ మొదట గుర్తించిన కైపర్ కూడా చారల బిలమే. బుధుడి చరిత్రలో చివరి యుగానికి దాని పేరే పెట్టారు.

అయితే నీలమంతా చారలే అనుకోవడానికీ లేదు. మన త్యాగరాజు పేరుతో బుధుడిపై 97 కిలోమీటర్ల బిలం ఉంది (1976లో పెట్టిన పేరు, ఈ సంగతి మీరు వేస్తే పాఠకులు సంతోషిస్తారు). దాని అడుగున లోతు తక్కువ గుంతలు బోలెడు, ఇలాంటి బొమ్మల్లో నీలంగానే మెరుస్తాయి. అవి ఉల్కలు చేసినవి కావు. నేలలోంచి ఏదో పదార్థం ఆవిరై పోవడంతో కుంగినవని శాస్త్రవేత్తల అంచనా. రంగు ఒకటే, కారణం వేరు. క్యాప్షన్ లేకపోతే పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ఎండ సంగతీ అంతే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీడలుండవు, చారలే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పొద్దు వాలితే గోడల నీడలు పడి బిలం లోతు తెలుస్తుంది, చారలు దాదాపు మాయమైపోతాయి. రెండు ఫొటోలూ చూసిన పిల్లలు అవి రెండు వేర్వేరు చోట్లని అనుకోవడంలో తప్పేముంది?

యూరప్, జపాన్ అంతరిక్ష సంస్థల నౌక బెపికొలంబో 2026 నవంబరులో బుధుడి కక్ష్యలోకి చేరాల్సి ఉంది. 2025 జనవరి 8న పక్కనుంచి వెళ్తూ పర్యవేక్షణ కెమెరాలతో అది పంపినవి నలుపు తెలుపు చిత్రాలే. కక్ష్యలో కుదురుకున్నాక రంగుల బొమ్మలూ వరసకడతాయి. ఈలోగా ‘రంగులు గాఢం చేసిన చిత్రం’ అన్న నాలుగు మాటలు ఫొటో కింద వేయడం మీ డెస్క్‌లో అలవాటు చేయండి. వెబ్ ఎడిషన్‌లోనైతే మూల చిత్రం లింకు కూడా ఇవ్వొచ్చు.

– ఒక పాఠకురాలు