ఆ 2 నానోమీటర్లు ఎక్కడున్నాయో చూపించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను, కంటి చెకప్పనీ ఇంట్లో చుట్టాలనీ వాయిదా పడింది. ఈలోగా ఎవరైనా చదువుకున్నవాళ్లు రాస్తారులే, మీరే సవరణ వేస్తారులే అనుకున్నాను. సవరణ రాలేదు సరికదా, గురువారం ఫోన్ ప్రకటన పక్కనే మళ్లీ అదే ముక్క. ఫోన్ చిప్‌లో ఉండే ట్రాన్సిస్టర్, అంటే కరెంటుని ఆపి వదిలే బుల్లి స్విచ్చి, దాని వెడల్పు 2 నానోమీటర్లట, వెంట్రుక మందంలో నలభై వేలో వంతట. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. పక్కన వెంట్రుక బొమ్మ కూడా వేశారు.

నేను తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పెట్రోల్ బంకుకి వెళ్తే 5 లీటర్ల కొలపాత్ర నింపించి, నురగ దిగేదాకా ఆగి, వంగి మెడ మీది గీతకి కన్ను ఆనించి చూసేవాళ్లం. 25 మిల్లీలీటర్లు దాటి తక్కువొస్తే పంపుకి సీలు. ఒకసారి ఒక బట్టల కొట్టులో మీటరు కర్ర చివర తొడుగు అరిగి అర సెంటీమీటరు తగ్గిందని కేసు రాస్తే, అరగడం నా తప్పా సార్ అని ఆ కొట్టాయన నెల రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాడు. అలాంటివాడికి 2 నానోమీటర్లు అని చెబితే ముందు వచ్చే ప్రశ్న ఒకటే. ఎక్కణ్ణుంచి ఎక్కడికి?

మా అమ్మాయి రాయదుర్గం వైపు ఒక చిప్ డిజైన్ కంపెనీలో లేఅవుట్ పని, అంటే చిప్‌లో ఏది ఎక్కడుండాలో గీసే పని, చేస్తుంది. అడిగితే నవ్వింది. "ఎక్కడా ఉండదు నాన్నా, అది పేరు అంతే" అంది. కరెంటు బిల్లు వెనక్కి తిప్పి రెండు నిలువు గీతలు గీసి, ఇవి ట్రాన్సిస్టర్లలో కరెంటుని ఆపే గేట్లనుకో, ఈ గేటు నడుము నుంచి ఆ గేటు నడుము దాకా ఉన్నది గేట్ పిచ్ అని చూపించింది. 3 నానోమీటర్ల చిప్ అని పిలిచేదాంట్లో ఈ పిచ్ 48 నానోమీటర్లు, అతి సన్నని మెటల్ తీగల పిచ్ 24 ఉండొచ్చని పరిశ్రమ తన కోసం రాసుకున్న రోడ్‌మ్యాపే 2021లో చెప్పిందట. 2 అనేదానికి 45, 20. గేటు పొడవు చూసినా పది పైమాటే. సిలికాన్ స్ఫటికంలో ఒక గడి 0.543 నానోమీటర్లు, అంటే 2 నానోమీటర్లలో నాలుగు గళ్లు కూడా పట్టవు. అంత పొట్టి గేటయితే కరెంటుని ఆపలేదు, కారిపోతుంది. ఈ లెక్క ఏడో తరగతి పిల్లాడైనా వేస్తాడు, మీ విలేకరి వేయలేదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1990ల మధ్య దాకా అర మైక్రాన్ (500 నానోమీటర్ల) చిప్ అంటే గేటు పొడవూ, తీగల పిచ్‌లో సగమూ ఇంచుమించు అర మైక్రానే. ఆ తర్వాత గేటు పేరు కంటే చిన్నదైపోయింది, అమెరికా కంపెనీ ఇంటెల్ 65 నానోమీటర్ల చిప్‌లో గేటు 35. సరే, కొసరు వేశారనుకుందాం, మా శాఖ ఎక్కువ తూచినవాడి మీద ఎప్పుడూ కేసు పెట్టలేదు. తిరకాసంతా తర్వాతే. పడుకున్న ట్రాన్సిస్టర్‌ని చేప రెక్కలా నిలబెట్టి ఫిన్ అన్నారు. తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 20 నుంచి 16కి వచ్చినప్పుడు తీగల పిచ్ ఉన్నదున్నట్టే ఉంది, పేరులో అంకె మాత్రం దిగింది. చిప్ మెరుగైన మాట నిజమే, కాదనను. కానీ మెరుగైందని మీటరు కర్ర మీద గీతలు జరుపుతామా? పొడవూ వెడల్పూ 0.7 వంతుకి తగ్గితే, 0.7ని 0.7తో గుణిస్తే దాదాపు సగం, అంటే అదే చోట రెట్టింపు ట్రాన్సిస్టర్లు పడతాయి, ఆ లెక్కన పేరులో అంకెని ప్రతిసారీ ఇంచుమించు 0.7తో గుణిస్తూ 32, 22, 16, 10, 7, 5 అని దిగుతూ వచ్చారు. కొలవడం మానేసి గుణించడం మొదలెట్టారన్నమాట.

2021లో ఇంటెల్ తన 10 నానోమీటర్ల రకాల్లో ఒకదానికి ఇంటెల్ 7 అని పేరు మార్చింది. నా పది పక్కవాడి ఏడుకి ఏమాత్రం తీసిపోనప్పుడు నేనూ ఏడనే అంటానని. ఒక మాట మెచ్చుకోవాలి, నానోమీటరు అనే ముక్క తీసేశారు. వాళ్లు తీసేసినదాన్ని తెచ్చి మళ్లీ అంటిస్తున్నది మన ప్రకటనలూ పేపర్లూ. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లమ్మే ఒక కుర్రాడు నాకు "4 నానోమీటర్లు సార్, అందుకే ఫోన్ ఇంత తేలిక" అని చెప్పాడు. వాడిననేం లాభం, వాడు మీ పేపరే చదివుంటాడు.

లకడీకాపూల్‌లో చెక్క వంతెన ఎక్కడుందని ఎవరూ వెతకరు, అది పేరని అందరికీ తెలుసు. కానీ నానోమీటరు పేరు కాదు, కొలత. మన ఊళ్లో స్థలాలు ఇప్పటికీ గజాల్లోనే అమ్ముతారు, దాని మీద మేం జీవితాంతం మొత్తుకున్నాం, అయినా గజం అంటే గజమే, టేపు పెడితే తేలుతుంది. ఇలా వదిలేస్తూ పోతే ఏమవుతుందో ఫ్లాట్లు కొన్నవాళ్లని అడగండి. సూపర్ బిల్టప్ 1,500 అడుగులకి డబ్బు కట్టి లోపల టేపు పెడితే మెట్లూ లిఫ్టూ కారిడారూ మన ఖాతాలోనే. కార్పెట్ ఏరియా చెప్పి తీరాలని 2016లో చట్టమే వచ్చింది, బ్రోషర్లలో పెద్దక్షరాలు మాత్రం పాత అంకెకే. మా అపార్ట్‌మెంటుకి వచ్చే వాటర్ ట్యాంకర్ మీద 5,000 లీటర్లని రాసుంటుంది, సంపులో చూస్తే ఎప్పుడూ అంత రాదు. మా పాత శాఖకి ఫోన్ చేస్తే సిబ్బంది లేరంటారు. నిజమే కావచ్చు, నేను దిగిపోయేటప్పటికే కుర్చీలు ఖాళీ. సభలు పెట్టి మన ఊళ్లోనే 2 నానోమీటర్లు తయారవుతోందని చప్పట్లు కొట్టించుకోవడానికి మాత్రం మనుషులకి కొదవ లేదు. ఇక్కడ జరిగేది డిజైన్, మా అమ్మాయిలాంటి వాళ్ల కళ్లు పోయే పని, అది గొప్పే, దాన్నే చెప్పుకోవచ్చుగా. మొహాలీలో 180 నానోమీటర్లతో విక్రమ్ 3201 ప్రాసెసర్ చేశారు, అది రాకెట్ల కోసం. 180 అంటే మొహం చిట్లించేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కొలవడానికి దారి లేక కాదు. చదరపు మిల్లీమీటరుకి ఎన్ని ట్రాన్సిస్టర్లో చెప్పండి చాలని ఇంటెల్‌కే చెందిన మార్క్ బోర్ 2017లోనే అడిగారు. ఇంటెల్ 10 నానోమీటర్ల చిప్‌కి అది దాదాపు పది కోట్లు. ఆ అంకె వేయండి. లేదా గేట్ పిచ్, తీగల పిచ్ రెండూ వేయండి. ఏదీ దొరక్కపోతే '2 అనే పేరుగల చిప్' అని రాయండి, నానోమీటర్లు మాత్రం తీసేయండి.

సవరణకి మొదటి పేజీ అక్కర్లేదు, అదే టెక్నాలజీ పేజీలో ఓ మూల రెండు లైన్లు చాలు. ఆ ఫోన్ ప్రకటనకైతే మీరు సెంటీమీటర్లు కొలిచే డబ్బు తీసుకునుంటారు కదా.

ఇట్లు,
తూనికలు కొలతల శాఖ విశ్రాంత ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్