పపేతే పూలమ్మకు కృతజ్ఞతలు

పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవి అంటే లక్షల్లో బిల్లే అని టెన్షన్ పడుతూ వచ్చిన మాకు దారి చూపింది మీరేనమ్మా. ఆ దీవి ముఖ్య పట్టణం పపేతే మార్కెట్లో టియారే అనే తెల్లపూల దండలు గుచ్చుతూ కూర్చున్నారు. మీ పేరు తెలియదు. హోటల్ ధరలు లెక్కేసుకుంటూ మొహమొహాలు చూసుకుంటున్న మమ్మల్ని పిలిచి, పూలు చుట్టే కాగితం మీద రేవు బొమ్మ గీశారు: ఇది మార్కెట్, ఇది పక్క దీవి మోరియాకు వెళ్లే ఫెర్రీ, ఇది వైయెతే మైదానం.

సాయంత్రం ఆ మైదానానికి వచ్చే తిండి బండ్ల దగ్గరే తినమన్నారు. ఒక్క ప్లేటు చౌమీన్ ఇద్దరికీ సరిపోయింది! నిమ్మరసం, కొబ్బరిపాలు కలిపిన పచ్చి ట్యూనా మాత్రం మావారొక్కరే లాగించారు. నాకు ధైర్యం చాలలేదు. టిప్ ఇవ్వనక్కర్లేదనీ, ఊళ్లో కుళాయి నీళ్లు తాగొచ్చనీ మీరే చెప్పారు. టూర్ జోలికి పోకుండా మామూలు జనంతో పాటు ఫెర్రీలోనే మోరియా వెళ్లొచ్చాం. రేవులో కంటెయినర్లు దింపే క్రేన్లను ఎంతసేపు చూసినా టికెట్ అడిగేవాళ్లు లేరు, అదొక లాభం.

ఇంత చెప్పి, ఒక్క దండైనా కొనమనలేదు మీరు. మీ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగాలమ్మా. ధన్యవాదాలు.