‘నల్లని’ అన్న మాటను కొట్టివేయవద్దు

ఒంగోలు

చిరంజీవి చిన్నమ్మడుకి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కవితను రెండు పూటలా చదివాను. నోటుబుక్కు పేజీనే ఫోటో తీసి పంపావు కనుక కొట్టివేతలు కూడా కనబడ్డాయి. నాలుగో పాదంలో ‘నల్లని నా మెడ’ అని మొదట రాసి, ఆ మాట మీద రెండు గీతలు గీసి, పైన ‘శ్యామల’ అని దిద్దావు. నా పెళ్లిచూపులకు వచ్చి ‘పిల్ల కళగానే ఉంది గాని, రంగు కాస్త తక్కువ’ అని చెప్పి వెళ్లినవారు కూడా అంత మర్యాదగానే మాట్లాడారు. ఆ తరువాత మీ అమ్మమ్మ ఆరు నెలలపాటు శనగపిండిలో మీగడ కలిపి నా మోచేతులు రుద్దింది. అవి ఎర్రబడ్డాయే గాని తెల్లబడలేదు.

కొట్టివేతల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ అన్న శృంగార కావ్యం రాసి, పీఠికలో తన రూపాన్నీ విద్యనూ ఏ సంకోచమూ లేకుండా తానే వర్ణించుకొన్నది. 1887లో ఆ కావ్యాన్ని అచ్చు వేసినప్పుడు ఆ పీఠికను, కొన్ని పద్యాలను వదిలివేశారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ వాటిని వెతికి చేర్చి 1910లో మళ్లీ ప్రచురిస్తే, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. చాలా ఏళ్ల తరువాత ఆ నిషేధాన్ని తొలగింపజేసినవారు మన జిల్లాకు పేరైన టంగుటూరి ప్రకాశం పంతులుగారే. శృంగారం మీద పెద్దలకు కోపం వచ్చిందంటే సరే అనుకోవచ్చును గాని, ఒక స్త్రీ తాను బాగుంటానని చెప్పుకొన్న పద్యాలు ఎవరికి అడ్డమొచ్చాయో నాకు నేటికీ అంతుపట్టదు. నీ పేజీలో ఆ గీతలు గీసినది మాత్రం నువ్వే.

‘నా దేహమే నా గుడి’ అన్న చివరి పాదం నాకు నచ్చలేదు. గుడిలో అమ్మవారికి ఆకలి వేయదు, చెమట పట్టదు, వయసు మీద పడదు. నిన్ను మోసినప్పటి చారలు నా పొత్తికడుపు మీద, వేసవిలో గుండ్లకమ్మ ఇసుకలో మిగిలే గీతల్లాగా, ఇప్పటికీ ఉన్నాయి. స్నానం చేసేటప్పుడు వేలికి తగులుతాయి. వాటికి ఆ గుడిలో చోటెక్కడ?

దసరాకు కుట్టించిన జాకెట్టు పట్టడం లేదని, రాత్రి అన్నం మానేశానని రాశావు. అన్నం మానవద్దు. మన దర్జీ చంకల కింద రెండు వైపులా గుడ్డ వదిలే కుడతాడు. ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా, కుట్లు విప్పిస్తాను.

అమ్మ