మామిడి జ్యూస్ ఎందుకు ఆపానంటే, బోర్డు మీద ఆ లైన్ ఎందుకు చెరిపేశానంటే

అందరికీ నమస్కారం. వారం నుంచి మామిడి జ్యూస్ అడిగినోళ్ళందరికీ స్టాక్ లేదని చెప్పాను, అది అబద్ధం, ముందు దానికి క్షమించండి.

సీజన్‌లో నూజివీడు కాయలు మీ ముందే కోస్తాం. సీజన్ అయిపోయాక టిన్నుల్లో వచ్చే తోతాపురి గుజ్జు. పంచదార కలపనిదే కావాలని తొమ్మిదేళ్ళుగా ఒకాయన దగ్గరే తీసుకుంటున్నా, ప్రతి ఆర్డర్‌కీ ఈ మాట మళ్ళీ చెప్తా కూడా. ఈసారి తీపి ఎక్కువగా ఉందేంటి అని మా ఆవిడ అంటే, కాయ బాగా మాగిందేమోలే అన్నాను. మూడోరోజు ఖాళీ టిన్ను పారేయబోతూ లేబుల్ చూస్తే వెనకాల చిన్న అక్షరాల్లో మామిడి గుజ్జు, పంచదార, సిట్రిక్ యాసిడ్ అనుంది. ఫోన్ చేస్తే ఆయన "ఏదైతే ఏంటండీ, అందరూ ఇవే తీసుకెళ్తున్నారు, మీకొక్కరికే పట్టింపు" అన్నాడు. అవును, నాకు పట్టింపే. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. మిగిలిన 22 టిన్నులూ ఆటో మాట్లాడి తిప్పి పంపేశాను, డబ్బులు ఇంకా రాలేదు, రాకపోయినా సరే సగం రేటుకిచ్చినా మళ్ళీ ఆ గుమ్మం తొక్కను. ఆ మూడు రోజుల్లో మామిడి తాగినవాళ్ళు చెప్పండి, డబ్బు వెనక్కిస్తాను.

ఇదంతా మన మాష్టారికి చెప్తే "మరి మిగతా జ్యూసుల్లో షుగర్ లేనట్టేనా?" అన్నారు. కోపమొచ్చింది. ఇంటికెళ్ళి చదివితే, 2015లోనే డబ్ల్యూహెచ్‌ఓ, అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు పండ్లరసంలో చక్కెరని, తేనెని కూడా పంచదారతో కలిపే లెక్కేశారు, పండుని పండుగా తింటే ఆ లెక్కలోకి రాదు. మొత్తమ్మీద రోజుకి 25 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు దాటకపోతే ఇంకా మంచిదట. మన గ్లాసు బత్తాయికి నాలుగు కాయలు పడతాయి, పిప్పంతా నా చేత్తోనే బకెట్లో వేస్తున్నా. అవే కాయలు తొనలు ఒలుచుకుని తినమంటే రెండోదానికే చాలంటాం, జ్యూసైతే రెండు నిమిషాల్లో లోపలికెళ్ళిపోతుంది, ఆపడానికి పీచు ఉండదు.

మన బోర్డు మీద "పంచదార కలపం, షుగర్ ఉన్నవాళ్ళూ తాగొచ్చు" అనుంది కదా. షాపు పెట్టినప్పుడు మా నాన్న పక్కన నిలబడి రాయించిన అక్షరాలవి. నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదండీ, చెరిపితే ఇన్నాళ్ళూ మోసం చేశాననుకుంటారేమో అని ఒకటి, పొద్దున వాకింగ్ బ్యాచ్ రావడం మానేస్తే అద్దె ఎలా అని ఇంకొకటి. ఆదివారం పొద్దున నేనే టర్పెంటైన్ తెచ్చి రెండో ముక్క చెరిపేశాను. నాన్న ఉంటే ఏమనేవారో.

మొదటి ముక్క మాత్రం అలాగే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు మీ డాక్టర్‌ని అడగండి, తాగొచ్చని ఇక నేను చెప్పను. జ్యూస్ రేటుకే జామ, బొప్పాయి ముక్కల ప్లేటు పెడుతున్నా. మామిడి మళ్ళీ నూజివీడు కాయ దిగాకే. ఎవరికైనా అనుమానముంటే కౌంటర్ లోపలికొచ్చి డబ్బాలన్నీ మూత తీసి చూసుకోండి.