వార్డెన్ రూముల ఫోను

మిర్యాలగూడ,
బుధవారం రాత్రి

అరేయ్ మామా,

నీ మెయిల్ వచ్చి నెల దాటింది, తిట్టుకుంటనే ఉంటవు. ఏం జెయ్యాలె, యాసంగి వడ్లు దిగినయి, ఈడ మిల్లులు రాత్రింబగళ్ళు నడుస్తున్నయి, వాళ్ళ కంప్యూటర్లు నా పానం తీస్తున్నయి. అమ్మ మోకాళ్ళ నొప్పి గట్లనే ఉంది. చిన్నోడి పరీక్షలు అయిపోయినయి. సరే, అసలుది విను.

మొన్న ఒక మిల్లు సేటు పిలిచిండు. వేబ్రిడ్జి కాడి కంప్యూటర్ల లారీల తూకం ఎక్కుతది గదా, అది ఆయన హైదరాబాద్‌ల ఇంట్ల కూసొని చూడాలెనట. స్టాటిక్ ఐపీకి (బయటికెళ్ళి అందే, ఎన్నడూ మారని నెట్ నంబరు) పైసలు గూడ కట్టిండు. నంబరు కాయితం మీద రాసి నా చేతిల వెట్టిండు. నేనేం జేసిన? సీదా పోయి ఆ కంప్యూటర్ నెట్ సెట్టింగుల 192.168.1.20 ఉన్న కాడ ఆ పబ్లిక్ నంబరు కొట్టిన. టక్కున నెట్ బంద్! ప్రింటరు సుత కనవడలే. వే బిల్లు రాక లారీలు లైను గట్టినయి, డ్రైవర్ల హారన్లు, నాకు చెమటలు.

అప్పుడు యాదికొచ్చింది మామా, నల్లగొండ హాస్టల్‌ల వార్డెన్ రూముల ఫోను! అందరికీ ఒక్కటే నంబరు. ఆ నంబరు మన తలుపు మీద సుద్దముక్కతోని రాసుకుంటె మన రూముల మోగుతదా? (నువ్వు నిజంగనే రాసినవు. ఎవరి కోసమో నేను చెప్ప.) పబ్లిక్ నంబరు రూటర్ బయటి మొఖానిది. 192.168లు ఇంటింట్ల ఉంటయి, అవి లోపలి రూము నంబర్లు. ఐపీవీ4ల (ఈ నంబర్ల పాత పద్ధతి) మొత్తం నంబర్లే 429 కోట్లు, ప్రతి డబ్బకు ఒకటి ఏడికెళ్ళి తెస్తరు?

పాత నంబరు మళ్ళ పెట్టి, రూటర్‌ల పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటికెళ్ళి వచ్చింది లోపల ఏ కంప్యూటర్‌కు పంపాలెనో) రాసిన. "పద్నాలుగో రూముకు ఫోనూ!" అని వార్డెన్ కేకేసినట్టన్నమాట. అయినా రాలే. రూటర్‌ల చూస్తె బయటి నంబరే 100.72 తోని మొదలైతున్నది, అది గూడ నెట్ కంపెనీలోళ్ళ లోపలి నంబరే. అంటే నెట్ ఇచ్చెటోళ్ళ కాడ ఇంకో వార్డెన్ కూసున్నడు! ఫోన్ల పోట్లాడితె గంటకు అసలు నంబరు ఎక్కించిన్రు.

మళ్ళ ఆ బయటి నంబరు కొట్టి చూసిన. రాలే! మిల్లు వైఫైల కూసొని కొట్టుడు, రూటర్ బంద్ జేసుడు, మళ్ళ కొట్టుడు... రెండు గంటలు. వాచ్‌మన్ తాతకు జాలేసి "నా దాంట్ల చూడు బిడ్డా" అని అద్దం పగిలిన ఫోన్ ఇచ్చిండు. దాంట్ల సిమ్ నెట్టు. గిర్రున తిరిగి తెరుచుకుంది: 'వడ్లు, 28,460 కిలోలు'. వార్డెన్ ఫోనుకెళ్ళే వార్డెన్ నంబరుకు కొడితె ఎంగేజ్ రాదా మరి! లోపలికెళ్ళి తన బయటి నంబరుకే పొయ్యే హెయిర్‌పిన్ సంగతి ఆ రూటర్‌కు తెల్వది. రెండు గంటల సంది పనిజేస్తనే ఉన్నదంట! తాతకు చాయ్ తాగిపిచ్చిన, సేటుకు మాత్రం చెప్పలే.

పొద్దుగూకె వరకే లాగ్‌ల (వచ్చిపొయ్యేటోళ్ళ చిట్టా) ఎవరెవరో తలుపు కొట్టిన గుర్తులు. పాస్‌వర్డ్ ఏముండెనో తెల్సా, సేటు బండి నంబరు! వీపీఎన్ (మనోళ్ళకే తెరుచుకునే చాటు దారి) పెడ్దమంటె ఆయన... అగో, ఆయనే ఫోన్ జేస్తున్నడు. మళ్ళ రాస్త. నీ పద్నాలుగో నంబరామెను అడిగిన్నని